ప్లస్సు వైరు

కాసిమన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఎమ్మిగనూరు షెడ్డులో ఆరేండ్లుగా పడున్న నా పాత కారు ఈ పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుంది.

"బుక్కు సూసి నేర్సుకున్న మెకానిక్కువి, దీన్ని ముట్టుకోవద్దప్పా. ఈ బండికి బ్యాటరీ ప్లస్సు వైరే బాడీకి పోవల్ల" అని, ఆరేండ్ల కింద ఇంజను చేసిచ్చిన పొద్దు నవ్వినావు. నేను వినకుండా కొత్త బండ్ల లెక్కన మైనస్సు వైరు బాడీకి కలిపినాను. డైనమో కాలిపోతే, నీ పనే చెడ్డదని ఆదోని బజారులో అందరి ముందరా అరిచినాను. మళ్లీ నీ ముఖం చూడలేదు.

ఈ వారం డైనమోకు కొత్త వైండింగు చుట్టించి, వైరింగంతా మార్చి, నువ్వు చెప్పినట్టే కలిపినాను. నువ్వు చేసిన ఇంజను చెక్కుచెదరలేదు.

మధ్యాహ్నం ఆ కారులోనే ఆదోనిలో మీ ఇంటికి పోయి, తప్పు నాదేనని భాభీకి చెప్పినాను.

"ఆయనకు అప్పుడే తెల్సు భయ్యా. నువ్వే వచ్చి సెప్తావని ఎదురు సూస్తాండె" అనింది.

ఎమ్మిగనూరు నుంచి మీ ఇంటికి గంట దారి కూడా లేదన్నా.