వచ్చి కూర్చుంటే చాలు

2023 సెప్టెంబరు 1, శుక్రవారం

నేటితో సందేహాలకు సెలవు! (ఇస్తే తీసుకుంటాయా? ఇదో సందేహం.)

దేరా ఆఫీసులో మా ముదీర్ (అరబ్బీలో మేనేజరు) మర్యాదగానే చెప్పాడు. డిసెంబరు ఆఖరుకల్లా సొంతంగా క్లయింట్లను తెచ్చుకుంటే లీగల్ కన్సల్టెంట్‌గా నా గది నాకే. లేదంటే ఖలాస్. ఆ తర్వాత మిగిలేది రువైస్. అక్కడి కంపెనీలో కాంట్రాక్టులు చదివే ఉద్యోగం, క్వార్టర్స్, చుట్టూ ఇసుక. ఇల్లూ మా ఆయన మురళీ ముఖమూ వారానికోసారి.

ఆన్‌లైన్ మార్కెటింగ్ క్లాసు విన్నాను. తీర్మానాలు:

ఒకటి, రోజూ ఒక రీల్.
రెండు, పనైన ప్రతి క్లయింటునూ "ఇంకొకరికి చెప్పండి" అని అడగడం. సిగ్గుపడకుండా.
మూడు, ఉచిత సలహా నిషేధం. లిఫ్టులో, గుళ్ళో, పుట్టినరోజు కేకు దగ్గర కూడా.

సెప్టెంబరు 3

మొదటి రీల్. మురళీ కెమెరా పట్టాడు.

"కాస్త నవ్వవే."

నవ్వాను.

"వద్దులే, నవ్వితే ఇంకా భయంగా ఉంది."

చివరికి నవ్వకుండానే కళ్ళద్దాలు మెల్లగా తీసి, సూటిగా చూస్తూ అన్నాను: "సంతకం పెట్టేముందు చదవండి. చదివే ఓపిక లేకపోతే నన్ను పిలవండి."

పెట్టేశాను! చూసినవాళ్ళు ఇరవైమంది. అందులో సగం మా అత్తగారే.

సెప్టెంబరు 12

రెండో తీర్మానం అమలు. మాణిక్యం గారికి విడాకుల వ్యవహారం గొడవ లేకుండా తేల్చిపెట్టాను. ఫోన్ చేసి, ఆన్‌లైన్‌లో నాలుగు మంచి మాటలు రాయమన్నాను.

"మీ మేలు జన్మలో మరచిపోను మేడమ్. కానీ మీ పేరు మాత్రం ఎక్కడా ఎత్తను. ఆమె మీకెట్లా తెలుసంటే ఏం చెప్పాలి?"

లాయరు కూడా మొలల డాక్టరులాంటిదేనన్నమాట. నయమైనవాడెవడూ చాటింపు వేయడు.

సెప్టెంబరు 29

అద్భుతం! రీల్ తెలుగు గ్రూపులన్నీ తిరుగుతోంది. లిఫ్టులో ఒక పిల్లాడు వాళ్ళమ్మ కళ్ళద్దాలు లాగి, "సంతకం పెట్టేముందు చదవండి" అని నా గొంతుతో అన్నాడు. రువైస్ దూరమవుతోంది. మరో నాలుగు రీల్స్ తీశాం. రోజూ అనుకున్నది వారానికి ఒకటయింది. నాణ్యత ముఖ్యం కదా.

అక్టోబరు 6

పై అంతస్తు శ్రీసుధ ఫోన్.

"అక్కా, ఓసారి పైకి వచ్చి కూర్చో. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

వెళ్ళాను. బిల్డింగు పనులు చూసే సనావుల్లా సోఫాలో ఉన్నాడు. నెల్లూరు మనిషి. ఏసీ కారి శ్రీసుధ వాళ్ళ పరుపు తడుస్తుంటే మూడు వారాలుగా "బుక్రా, బుక్రా" అంటూ రేపటికి తోస్తున్నాడట. నేను టీ తాగాను. ఆవిరి పట్టిందని కళ్ళద్దాలు తీశాను, అంతే.

"ఏంది మేడమ్, మీరెందుకొచ్చారు? ఇప్పుడే మనిషిని పంపిస్తా!"

సాయంత్రానికి ఏసీ బాగైంది. నాకు గోంగూర పచ్చడి సీసా ముట్టింది.

మూడో తీర్మానం తప్పానా? లేదు. సలహా ఇవ్వలేదు. అసలు నోరే విప్పలేదు.

అక్టోబరు 21

రెఫరల్ మొదలైంది! శ్రీసుధ చెప్పిందని నైఫ్ బజారులో టైలరింగ్ షాపు నడిపే కుబ్రా బేగం వచ్చింది. కడప. షాపు షట్టరు ఇరుక్కుపోతోందట. ఆ బిల్డింగు పనులు చూసేదీ సనావుల్లాయే.

"ఫైలు తెరుద్దామా?" అన్నాను, క్లాసులో చెప్పినట్టు.

"ఫైలెందుకు మేడమ్? మీరొచ్చి కుర్చీలో కూర్చోండి, సాలు."

కూర్చున్నాను. రోడ్డవతల నుంచే నన్ను చూసి సనావుల్లా మెకానిక్‌కు ఫోన్ చేశాడు. బిర్యానీ బ్రహ్మాండం.

నవంబరు 12, దీపావళి

తెలుగు గ్రూపు వాళ్ళ విందు. ఒకావిడ పక్కన కూర్చోబోతే చటుక్కున లేచింది. "ఏమనుకోకండి. మీ పక్కన కూర్చుంటే మా ఇంట్లో ఏదో గొడవుందనుకుంటారు."

ఇంకో వార్త: కుబ్రా బేగం నా ఫొటో అచ్చు వేయించి కౌంటరు మీద తగిలించింది. ఇక నేను వెళ్ళే పని కూడా లేదు. దిష్టిబొమ్మకు ఎవరు ఫీజు ఇస్తారు?

గొడవలు కోర్టుదాకా పోకుండా ఆగడం మంచిదే. ఇన్నేళ్ళు చదివిందీ అందుకే. మంచిదే, కానీ నా గది?

రీల్: తీయలేదు. గొంతు బాగాలేదు. (బాగానే ఉంది.)

నవంబరు 28

ముదీర్ పిలిచాడు. "వైదేహీ, కొత్త ఫైళ్ళు?"

లేవన్నాను. ఆయన తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "మా బావమరిదితో చిన్న పేచీ ఉంది. ఈ సాయంత్రం వచ్చి కూర్చుంటావా?"

కూర్చున్నాను. పేచీ తీరింది. ఖర్జూరాలు ఇచ్చాడు. తలుపు దాకా వచ్చి, "గడువు మాత్రం మారదు" అన్నాడు.

డిసెంబరు 17

రువైస్ ఆఫర్ వచ్చింది. సంతకం పెట్టేముందు చదివాను. రెండుసార్లు. మురళీ పెద్ద సూట్‌కేసు అటక మీంచి దించి, మళ్ళీ ఎక్కించేశాడు.

డిసెంబరు 21

ఆఫీసుకు సనావుల్లా వచ్చాడు!

"మేడమ్, ఏడకి పోయినా మీరు కూర్చోనుంటారు, ఎదురుగా నేనుంటా. నా వల్ల కావడంలా. నేను చూసే అన్ని బిల్డింగుల కాగితాలూ మీరే రాయండి. ఏసీ ఎవరిది, షట్టరు ఎవరిది, ఎన్నాళ్ళలో చెయ్యాల. అన్నీ. ఏడాదికి మాట్లాడుకుందాం."

"నా దగ్గరికి ఎవరు పంపారు?"

"ఇంకెవరు, కుబ్రా బేగం. ఆమెతో కొట్లాటలో ఉండి నేనే అడిగినా, మంచి లాయరు ఎవరని. పోయి ఆ ఫొటో మేడమ్‌నే పెట్టుకో అనింది."

సందేహం వచ్చింది, నాకు రాకపోతే ఎలా! మొన్నటిదాకా ఆయనకెదురు కూర్చున్నాను కదా? ఆలోచించాను. ఆ పేచీలు తీరిపోయాయి. వాళ్ళెవరూ నా క్లయింట్లు కారు. పచ్చడికి రసీదు లేదు.

"అద్దెకుండేవాళ్ళకు అన్యాయం జరిగే ముక్క ఒక్కటీ రాయను" అన్నాను.

"అట్లనే రాయండి మేడమ్. ఆ అద్దాలు మాత్రం తియ్యబాకండి."

ఫైలు తెరిచాను. నా గది నాదే! అలవాటుగా, ఆన్‌లైన్‌లో రెండు మంచి మాటలు రాయమని అడిగాను.

"అమ్మో! మీ పేరు నేను ఎత్తను. అద్దెకుండేవాళ్ళంతా నా మీద మీ దగ్గరికే వస్తారు!"

2024 జనవరి 1

కొత్త సంవత్సరం, పాత తీర్మానాలు, చిన్న సవరణతో.

ఒకటి, రోజూ రీల్. నవ్వుతూ.
రెండు, రెఫరల్ అడగడం.
మూడు, ఎక్కడికీ ఉచితంగా వెళ్ళి కూర్చోను. ఎవరింటికైనా సరే. ఇది ఖాయం.

ఉదయం పదకొండు: శ్రీసుధ వాయిస్ మెసేజ్. "అక్కా, గోంగూర అయిపోయిందా? కేటరింగ్ అతను వచ్చాడు, నిన్నటి పన్నీరు సంగతి అడిగితే మాట దాటేస్తున్నాడు. రెండు నిమిషాలు యల్లా, వచ్చేయ్!"

తీర్మానం మళ్ళీ చదివాను. కూర్చోకూడదని ఉంది.

వెళ్ళి నిలబడతాను.