అడగని కొండ పేరు

శనివారం రాత్రి, ఈ పరదేశపు ఊరు టూంగాబీ.

నా బిడ్డ స్వప్న నిన్న మంచు కొండలకు బయలుదేరింది. స్కీలు కారు మీద కట్టి గడపలో నిలబడింది.

"బాపూ, ఏ కొండకు పోతున్ననో అడుగవా?"

"బయలెల్లేటోళ్లను ఎక్కడికని అడుగుతరా? అపశకునం. నడువు."

"అక్కడి రూల్ వేరే బాపూ. ఇది స్ప్రింగ్. ఎండ తగిలితే మంచు మెత్తబడి ఒక్కసారే జారుతది. నేను రాకపోతె వెతికేటోళ్లకు నువ్వే చెప్పాలె."

"వెతికేటోళ్లా! గడపల అవేం మాటలే?" అని చెవులు మూసుకున్నాను. "నీతోని ఎవరు గెలుస్తరు!" అని నవ్వి కారెక్కింది.

ఇవాళ ఎండ ముదరకముందే దిగి ఫోన్ చేస్తానంది. చీకటి పడింది, చేయలేదు. సిగ్నల్ లేదేమో. పోలీసులకు చెబుదామంటే, ఏ కొండ అని అడుగుతారు.

మా అమ్మ నేర్పిన పద్ధతి తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ పిల్ల చెప్పబోయిన ఆ ఒక్క పేరు దాని గొంతులోనే వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. విసుక్కుంటూ చెప్పినా సరే.

తెలియదు అనే మాట నేను ఎవరి ముందూ అన్నవాణ్ని కాదు. ఇప్పుడు పోలీసులకు ఫోన్ చేసి అదే అంటాను...