పదమూడో తేదీ దాకా ఒక్క మాట లేదు

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 6.40
సెప్టెంబర్ వస్తే చాలు, మా దగ్గర రేడియోలో క్రిస్మస్ పాటలు మొదలు. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. శనివారం బాస్ ఎలాద్యో అందరి ముందూ అన్న మాట ఇంకా అరగలేదు. "మారివెల్, నీకు సెక్షన్ హెడ్ పదవి ఇచ్చి ఏం లాభమమ్మా? రేపు ఆ డెల్మార్‌ని కట్టుకుని పిల్లల్ని ఎత్తుకుంటావు."

ఈ మరికినా ఊరి షూ కార్ఖానాలో నాకు ఏడేళ్లు. ఎవరూ నేర్పలేదు. పాత బూట్లు విప్పి, అట్ట మీద గీసుకుని, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. డెల్మార్ అయితే డిజైన్ కాలేజీ నుంచి ఇక్కడ దిగి రెండేళ్లు. పదవికి పోటీ మా ఇద్దరికే. మరి ఆ మాట వాడితో ఎందుకనరు? వాడు పెళ్లి చేసుకోడా?

మా పేర్లు కలిపి ఏడిపించడం అందరికీ సరదా. నాకు అదే కొంప ముంచుతోంది.

తీర్మానం: 13న పదవి ఎవరికో తేలేదాకా డెల్మార్‌తో
ఒక్క మాట లేదు.
చూపు లేదు.
నవ్వు అసలే లేదు!

సెప్టెంబర్ 2. సాయంత్రం 5.10
మాటలు: సున్నా! వాడు "గుడ్ మార్నింగ్" అన్నాడు. నేను కత్తెరకి నూనె రాశాను.
మిషన్ దగ్గర్నుంచి సెలింగ్ అక్క కేక: "అయ్యీ! పెళ్లికి ముందే అలకలా!"
మాట్లాడినా తప్పే, మానినా తప్పే.

సెప్టెంబర్ 3. మధ్యాహ్నం 12.40
ఘోరం! డబ్బా విప్పాను. అన్నం, ఎండుచేప, టమాటా. ఎవరో పక్కనుంచి వెళ్తున్నారు. తల ఎత్తకుండానే నోరు అనేసింది, "రా, తిందాం." మా దగ్గర ఎవరైనా అంటారు. అవతలివాళ్లు "ఇప్పుడే తిన్నా" అని సాగిపోవాలి. అదీ మర్యాద.
డెల్మార్ కూర్చున్నాడు!
"పిలుస్తావనుకోలేదు," అంటూ సగం చేప తినేశాడు.
పిలిచి పొమ్మనడం మా ఇంటా వంటా లేదు.
మాటలు: రెండు. అలవాటుగా వచ్చినవి లెక్కలోకి రావు.

సెప్టెంబర్ 5. మధ్యాహ్నం 3.15
పోటీ ఇది: చెరో జోడు కుట్టాలి. బాస్ తల్లి పూరింగ్ అవ్వ రెండూ వేసుకుని మెట్లెక్కి చూస్తుంది.
వాడు మడమ దగ్గర అట్ట తప్పు కోస్తున్నాడు. ఊరుకుంటే గెలుస్తాను. అలాంటి గెలుపు ఎవడిక్కావాలి?
"ఏయ్ కాలేజీ! మడమ మూడు మిల్లీమీటర్లు పెంచు. అవ్వకి బొబ్బలెక్కుతాయి."
పని మాటలు. ఇవీ లెక్కలోకి రావు.

సెప్టెంబర్ 8. మధ్యాహ్నం 12.30
కోడికూర తెచ్చుకున్నాడు. "రా, తిందాం," అన్నాడు.
"ఇప్పుడే తిన్నా."
నా కడుపు గుర్రుమంది. ఇద్దరం విన్నాం.
తిన్నాను.

సెప్టెంబర్ 10. సాయంత్రం 6.30
వాన. ఇంటికెళ్లే జీప్నీ బండి కిక్కిరిసి ఉంది, అతను నా పక్కనే. మోకాలు తగిలింది. జీప్నీలో అందరి మోకాళ్లూ తగులుతాయి. ఇది ఎందుకు రాశానో తెలియదు.
మాటలు మార్కెట్ దగ్గర మొదలై మా వీధి చివర ఆగాయి. లెక్కపెట్టలేదు. వాన చప్పుడులో ఎవరు లెక్కపెడతారు?

సెప్టెంబర్ 13, శనివారం. మధ్యాహ్నం 1.00
అవ్వ అతని జోడు వేసుకుని మెట్లెక్కింది. "అందంగా ఉన్నాయి," అంది. నాది వేసుకుని ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. విప్పమంటే విప్పలేదు.
బాస్ గొంతు సవరించుకున్నాడు. "సరే, పదవి నీకే. కానీ ఆ కుర్రాడితో ప్రేమా గీమా అన్నావంటే..."
ఏడేళ్ల కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.
"హెడ్ పనీ చేస్తాను, అతన్నీ ప్రేమిస్తాను! అట్టలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అప్పుడు అడగండి బాస్!"
మిషన్లు ఆగిపోయాయి. డెల్మార్ జిగురు డబ్బా పట్టుకుని కొయ్యబారిపోయాడు. ఆ సంగతి అతనికి నేనింకా చెప్పనే లేదు. నాకు నేనే చెప్పుకోలేదు!
అవ్వే నోరు విప్పింది. "ఒరే ఎలాద్యో, మీ నాన్నా నేనూ కలిసింది ఈ బల్ల దగ్గరే. మూసుకో."
నేను బాత్రూంలోకి పరుగెత్తాను.

సెప్టెంబర్ 15, సోమవారం. ఉదయం 7.50
కొత్త పదవి. కొత్త తీర్మానం: డెల్మార్‌తో ఒక్క మాట లేదు. ఈసారి కారణం సిగ్గు.

8.05
వచ్చాడు. నా బల్ల ముందు నిలబడ్డాడు.
"శనివారం అన్నది కోపంలో అన్నావా, నిజంగానా?"
నోరు తెరవలేదు. తల ఊపాను.
"రెండు అడిగాను. దేనికి ఊపినట్టు?"
వీడికి ఆ కాలేజీలో ఏం నేర్పారో!
"నిజంగానే, మొద్దూ!"
సెక్షనంతా విన్నది.

8.07
తీర్మానం రేపటి నుంచి.