బెర్నిస్ కోటు ఖరీదు

చిరంజీవి గ్రెచెన్‌కి,

అమ్మ ముద్దులు. ఇక్కడ నేనూ, పిల్లీ, పాత కారూ ముగ్గురం కులాసా. అరిజోనా ఎండలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు సణుగుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. కప్పు మీద మంచు తీయించాను, బెంగపడకు. ఈ ఉత్తరం చివర నీకొక మాట చెప్పాలి. దానికి నువ్వేమంటావోనని గుబులుగా ఉంది, అందుకే ముందు కబుర్లు.

ఈ ఏడు కూడా లైబ్రరీలో ఊళ్ళో పెద్దవాళ్ళకి ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెడుతున్నాను. నా బల్ల సరిగ్గా తలుపు పక్కన వేశారు. ఎవరొచ్చినా మిషిగన్ సరస్సు గాలి వాళ్ళ వెంటే లోపలికొస్తుంది. దాంతో కోటు విప్పకుండానే కూర్చుంటున్నాను. నవంబరులో చర్చి వాళ్ళ పాతబట్టల కొట్లో కొన్నానని చెప్పానే, ఆ ముదురెరుపు ఉన్ని కోటు.

ఫిబ్రవరిలో ఒకాయన వచ్చాడు. పేరు నార్బర్ట్ వోయ్‌చెక్, కాగితపు మిల్లులో చేసి రిటైరయ్యాడు. భార్య బెర్నిస్ నిరుడు వేసవిలో పోయింది. ఆసుపత్రి ఖర్చులు బాగా అయ్యాయి కనుక మినహాయింపులన్నీ విడివిడిగా చూపిస్తేనే ఆయనకి లాభం. ఆవిడ బట్టలు ఆ చర్చి కొట్టుకే దానమిచ్చాడట, ఆ దానం విలువకీ పన్నులో మినహాయింపు వస్తుంది. రసీదు వెనకాల ఒక్కోదానికీ విలువ రాసుకొచ్చాడు. అన్నీ ఆవిడ కొన్నప్పటి ధరలే. కొన్న ధర చెల్లదనీ, అలాంటి కొట్లో ఎంతకి పోతుందో అంతే రాయాలనీ మెల్లిగా చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అయితే ఈ కోటుకి ఎంతంటారు? ముదురెరుపుది. అస్తరు చిరిగితే మా ఆవిడే పసుపు పూల గుడ్డ వేసి కుట్టింది. నూట ఇరవై రాశాను, మరీ ఎక్కువా?" అన్నాడు.

మగవాళ్ళ కంటికి కోట్లన్నీ ఒకటే కాబట్టి ఆయన గుర్తుపట్టలేదు గానీ, ఆ పసుపు పూలు నా ఒంటి మీదే ఉన్నాయి. పై బొత్తాం కూడా పెట్టేసుకుని ఊరుకుందామా అనిపించింది, ఒట్టు. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుని తప్పుడు అంకె వేయలేను. అసలు అంకె నాకెలా తెలిసిందో చెప్పకా తప్పదు. కోటు అంచు మడిచి అస్తరు చూపించాను.

"తొమ్మిది డాలర్లండీ. నేనే కొన్నాను."

ఆయన ఆ కుట్టుకేసి చాలాసేపు చూశాడు. తొమ్మిదేనా, బెర్నిస్ ఉంటే ఆ కొట్టు మీదికి దెబ్బలాటకి వెళ్ళేది అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, నూట ఇరవై కొట్టేసి తొమ్మిది వేశాడు. నేను కోటు విప్పి ఇచ్చేయబోయాను.

"విప్పకండి," అన్నాడు. "అల్మారాలో వేలాడుతూ నన్ను ఏడిపించింది చాలు. ఇప్పుడైనా ఒకరికి చలి ఆపుతోంది."

ఆ శుక్రవారం చేపల వేపుడు తినడానికి రమ్మన్నాడు. వెళ్ళాను. తర్వాత ఏ శుక్రవారమూ మానలేదు. తన పళ్ళెంలో క్యాబేజీ అంతా నా పళ్ళెంలోకి తోసేస్తాడు, నేనేమన్నా అంటే అది ఆరోగ్యానికి మంచిదంటాడు. నవ్విస్తాడు తల్లీ. ఈమధ్య అంట్లు తోముకుంటూ పాడుకుంటున్నాను, పిల్లి బిత్తరపోతోంది.

ఇక నువ్వడిగిన నాన్న బట్టల సంగతి. ఇన్నేళ్ళూ నిన్ను కూడా ముట్టుకోనివ్వలేదు కదూ? మొన్న శనివారం ఆ చర్చి కొట్టుకే ఇచ్చేశాను. నార్బర్ట్ సంచులు కొట్టు గుమ్మం దాకా మోశాడు గానీ లోపలికి రాలేదు. అది మీ దంపతులిద్దరి వ్యవహారం అని చెప్పి కారు దగ్గరే నిలబడ్డాడు. లోపల ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత ముఖం తుడుచుకుని బయటికొచ్చి, అంతకుముందు శుక్రవారం ఆయన అడిగిన మాటకి సరేనన్నాను.

నాన్నని మరిచిపోయానని అనుకోకు. కోపమొస్తే మాత్రం ఫోనులో తిట్టకు. ఈస్టర్‌కి వచ్చి ఆయన ఎదురుగానే తిట్టు. మనింటి పద్ధతి ఆయనకీ అలవాటవ్వాలి కదా.

ఇట్లు,
అరవై ఎనిమిదో ఏట మళ్ళీ పెళ్ళికూతురు కాబోతున్న
మీ అమ్మ, ఆర్లీన్