పొగగది తలుపు

చిరంజీవి తమ్ముడు మునిరత్నానికి, కువైట్ నుంచి అక్క సరోజ దీవించి రాసేది.

నేనీడ బాగుండాను. నువ్వు, కస్తూరి, పాప ఎట్లుండారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? కంటి ఆపరేషన్ అయినాక మేనత్తకు చూపు ఆనుతా ఉందా? నా గురించి దిగులు పెట్టుకోవద్దు. మేడం మంచిది, పని వంట వరకే. ఎండ మాత్రం మన బంగారుపాళ్యం ఎండను మరిపిస్తుంది. తెల్లవారి స్నానం చేసి, వంటింటి అలమరలో పెట్టుకున్న స్వామి పటానికి దండం పెట్టుకుని పొయ్యి అంటిస్తాను. సంగటి మీదికి మనసు పోతుంది గానీ ఒక్కదాని కోసం కెలకబుద్ధి కాదు. బాగుండాను, దిగులు వద్దు.

ఫోనుండగా ఉత్తరమెందుకు అనుకుంటావు. రెండుసార్లు ఫోను చేసినాను. నీ గొంతు వింటూనే పెట్టేసినాను. పక్కూరి లక్ష్మి సెలవు మీద వస్తా ఉంది, ఆమె చేతికిస్తున్నాను. జాతర అయినాక పొగగది తెరిచి, నాయన స్టవ్వులోనే డీజిలు పోసి మామిడికాయలు మాగబెడతానంటివి. కార్బైడు మానేసినావు, మంచిదే. పొగ కూడా వద్దు. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

పోయిన నెల ఈడ గ్యాసు పొయ్యి మంట పసుపుగా రాసాగింది. గిన్నెల అడుగులు నల్లబడినాయి. తోముకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. చివరికి మేడమే చూసి బాగుచేసే మనిషిని పిలిపించింది. పీలేరు ఆయన, పేరు ఖాదర్.

"ఎన్నాళ్ళుగా ఇట్లుండాదక్కా?"

"పది దినాలయ్యుంటాదప్పా. దీపం మంట మాదిరి ఉండాది గదా, మంచిదే అనుకుంటిని."

"బాగా అనుకుంటివి! దీపం ఎట్లున్నా సరే, పొయ్యి మంట నీలంగా ఉండాల. పైగా కిటికీ మూసిపెట్టినావు. ఇంగ పటానికి దండమెందుకు, నేరుగా పోయి స్వామినే చూస్తావు!"

నేనూ నవ్వినాను. ఆయన బర్నరు ఊడదీసి, పూడిపోయిన బెజ్జాలు సూదితో పొడుస్తా చెప్పినాడు. గ్యాసయినా, కిరసనాయిలయినా, డీజిలయినా ఒక జాతివేనంట, కర్బనం, హైడ్రోజన్ కలిసినవి. గాలి చాలినంత దొరికితే పూర్తిగా కాలి, మనం వదిలే ఊపిరిలోని వాయువూ నీటి ఆవిరీ అవుతాయి. గాలి చాలకపోతే సగంలో నిలిచిపోయి కొంత మసి, కొంత కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరుతుంది. కాళ్ళు చేతులు ఆడవు, అరిచే సత్తువ కూడా ఉండదు.

"పోయినోళ్ళ మొఖం ఒక్కోసారి ఎర్రగా ఉంటాదక్కా, నిద్రపోతా ఉన్నట్టే" అన్నాడు.

ఆయనకు టీ ఇవ్వడం కూడా మరిచిపోయినాను. ఆయనే అడిగి తాగి పోయినాడు.

నాయన మొఖం ఎర్రగా ఉండింది తమ్ముడూ. నువ్వప్పుడు పసివాడివి, నీకు జ్ఞాపకం ఉండదు. జాతర చాటింపు అయినాక ఎవరూ పొలిమేర దాటకూడదు కదా. ఇంట్లో కిరసనాయిలు అయిపోవస్తా ఉందని అమ్మ డబ్బా తీసుకుని దాటింది. ఆ మధ్యాహ్నమే నాయన పోయినాడు. ఎర్రటి మొఖం చూసి, గంగమ్మే తాకిందన్నారు. "పొలిమేర దాటి మొగుణ్ణి మింగింది" అని మేనత్త మన వాకిట్లోనే అనింది. అమ్మ కూడా అదే నమ్మింది. బతికినన్నాళ్ళూ జాతరకు గుడి దగ్గరికి పోలేదు, వీధి మలుపులో నిలబడి దండం పెట్టుకునేది.

అమ్మ తప్పు లేదు. ఆ గంగమ్మ తల్లి మీద కూడా మనం నింద వేసినాం.

ఆ దినం ఒత్తి సరిచేసి, అడుగు గంపలు పైకి మార్చాలని నాయన పొగగది లోపలికి పోయినాడు. "సందులు మూసెయ్ సరోజా, పొగ పోతే కాయ మాగదు. నేను పిలిస్తే తీద్దువు" అన్నాడు. తడి గోనెసంచులు తలుపు చుట్టూ కుక్కింది నేను. వేళ్ళతో నొక్కి నొక్కి కుక్కినాను. ఆ మార్చిలోనే పదో తరగతి పరీక్షలో అసంపూర్ణ దహనం గురించి రాసినాను, కొవ్వొత్తి బొమ్మ కూడా వేసినాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తా ఉంటే తలుపు మీద రెండుసార్లు చప్పుడయింది. మెల్లగా. గంపలు తగులుతున్నాయి అనుకున్నాను. పిలవలేదు కదా అనుకున్నాను. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

ఇప్పుడు ఈడ మంట నీలంగానే ఉండాది. అయినా కిటికీ తెరిచే వండుతున్నాను. వెనక ఎవరో నిలబడినట్టుంటుంది. తిరిగి చూడను.

ఈ ఉత్తరం అత్తకు చదివి వినిపించు. కోపంగా కాదు, నెమ్మదిగా. జాతరలో అమ్మ పేరు చెప్పి గుడి ముందరే అంబలి పోయించు. కాయలు వరిగడ్డిలో మాగనీ, నాలుగు దినాలు ఆలస్యమైతే కానీలే. లక్ష్మి చేతికి చింతపండు మాత్రం ఇవ్వొద్దు, ఊరగాయ చాలు.

అత్తకూ ఊళ్ళో పెద్దలకూ నా నమస్కారాలు, వాళ్ళ దీవెన నాకు కావాలి. పాపకు ముద్దులు. స్వామి మిమ్మల్ని చల్లగా చూడాల.

ఉత్తరం అందిన దినమే ఆ గది తలుపు ఊడదీసెయ్. గడ్డపార వేసేటప్పుడు నాకు ఫోను చేసి, తలుపు దగ్గర పెట్టు. ఏమీ మాట్లాడొద్దు. తలుపు ఊడే చప్పుడు నాకు వినిపిస్తే చాలు.

నీ మేలు కోరే అక్క,
సరోజ