బిళ్ళ మీద పొర

చిట్టితల్లికి, నేను గుండ్రాయిలా ఉన్నాను, బెంగపడకు.

"ఈ వయసులో మిషను పనేమిటమ్మా" అన్నావుగా, విను. ఇక్కడ కొట్లో తాళంచెవులకి తగిలించే రేకు బిళ్ళల మీద ఫొటోలు పెట్టి, వేడి మిషనుతో అచ్చు నొక్కుతాం. రెండు రోజులుగా అన్నీ మసకగా వస్తుంటే, మిషను పాడైందని యజమాని ఒకటే చిందులు. నేను ఒక బిళ్ళని గోటితో గీకాను. బొమ్మంతా మీగడలా లేచొచ్చింది. రేకు మీది ప్లాస్టిక్ పొరని ఎవరూ తియ్యనే లేదు! తీసి నొక్కితే మొహాలు అద్దంలో చూసినట్టు వచ్చాయి. "పిన్నిగారూ, రేపట్నించి మిషను మీ చేతికే" అన్నాడు.

ఇదంతా కళ్ళజోడు లేకుండానే! మీ ఇంట్లో అలమరలో మర్చిపోయాను, పంపు. పాపకి దగ్గు తగ్గిందా? నీకూ అల్లుడికీ దీవెనలు.

పాప నవ్వే ఫొటో కూడా పంపు. ఊరందరి మనవలూ నా చేతుల మీదుగా వెళ్తున్నారు, మన పిల్ల ఒక్కతే ఇంకా రాలేదు.

అమ్మ