ఎండిన తడిక వెనక కుందేలు

ఏలూరు, 1936 మే, గురువారం రాత్రి.

ఆయాసానికిచ్చే ఎఫిడ్రిన్‌ను ఈ రోజు లాబొరేటరీలో రెండు కుందేళ్ళకు ఒకే మోతాదులో ఎక్కించాను. తడిపిన వట్టివేళ్ళ తడిక చాటున ఉన్నదానికి ఒళ్ళు ఒక డిగ్రీ వేడెక్కి తగ్గింది. పడమటి వరండాలోదానికి ఒళ్ళు నూట పది డిగ్రీలు దాటి, సాయంత్రానికి చచ్చిపోయింది.

"పడమటి తడిక మీద చల్లడానికి నీళ్ళు చాల్లేదండీ," అన్నాడు అటెండరు మస్తాన్. తప్పు అతనిది కాదు. నేను మందు తూచాను గాని గది వేడి చూడలేదు.

ఆ మాట నోట్సులో రాస్తుంటే సుందరరావు గుర్తొచ్చాడు. భీమడోలు రైసుమిల్లులో బాయిలరు దగ్గర పని అతనిది. మొన్న ఆయాసమని వస్తే ఈ మందే ఇచ్చాను; రేపటినుంచి మళ్ళీ పనిలోకి దిగుతాడు.

"ఎప్పుడు వేసుకోమంటారండీ?" అని అడిగాడు.

"పనిలోకి దిగే ముందు," అన్నాను.

భీమడోలుకు మొదటి రైలుబండి తెల్లవారుజామున ఐదింటికి. బాయిలరు నాలుగింటికే వెలిగిస్తారు.